బాపును కుర్చీలోంచి లేపండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా బాపుకు 71 ఏళ్ళు, బరువు 60 కిలోలు. మొన్నమొన్నటి దాకా మూడెకరాలు సొంతంగా చేశాడు. రెండేళ్ళ కింద మా అవ్వ పోయినంక పొలం కౌలుకిచ్చి, ఆయనను హన్మకొండకు తెచ్చుకున్నాం. మా ఫ్లాట్ మూడో అంతస్తులో. బీపీ, షుగర్ గోళీలు వాడతాడు. మోకాళ్ళు అరిగినయని డాక్టర్ చెప్పిండు. అందుకని ఏ పనీ చేయనివ్వం. మంచినీళ్ళు కూడా నా భార్య చేతికే ఇస్తుంది. అయినా రోజురోజుకూ నీరసపడుతున్నాడు. కమోడ్ మీది నుంచి లేవాలంటే గోడ పట్టుకుంటున్నాడు. రాత్రిపూట లేచినప్పుడు రెండుసార్లు తూలాడు. మాంసం ముట్టడం లేదు. జిమ్‌లో చేర్పించాలా, ప్రొటీన్ పౌడర్ తాగించాలా, లేకపోతే ఈ వయసులో రెస్టే మంచిదా?
– ఒక కొడుకు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో బీపీ, షుగర్, మోకాళ్ళు అన్నీ ఉన్నాయి. నేను మాత్రం కమోడ్ దగ్గరే ఆగిపోయాను. గోడ పట్టుకుని లేస్తున్నాడని మీరు మాటవరసకు రాశారు. ముప్పై ఏళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నదాన్ని, నాకు అందులో ముఖ్యమైన కబురు అదే. ఎవరి సాయమూ లేకుండా దొడ్డికి పోయి లేచి రాగలిగినంత కాలం మనిషి తన ఇంట్లో తాను పెద్దమనిషిగా బతుకుతాడు. అది పోయిన రోజు ఎంత ప్రేమగల పిల్లలున్నా ఆయన మనసు చిన్నబోతుంది. ఇప్పుడు ఆ గీత దగ్గర నిలబడి ఉన్నారు మీ బాపు. ఇంకా దాటలేదు. అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

ముందుగా మీ చివరి ప్రశ్నకే చెప్తాను. రెస్ట్ మంచిది కాదు. ఆయన నీరసానికి సగం కారణం ఆ రెస్టే అని నాకనిపిస్తోంది.

పల్లెలో ఆయన రోజు ఎట్లా గడిచేదో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పొద్దున బాయికాడికి నడక. ఒడ్డు ఎక్కడం, దిగడం. కలుపు తీస్తూ గంటలు గంటలు గొంతుక్కూచోవడం. యూరియా బస్తా భుజానికెత్తుకోవడం. మధ్యాహ్నం కింద కూచొని బువ్వ తిని, చెయ్యి నేలకు ఆనించి లేవడం. దాన్ని ఎక్సర్‌సైజ్ అని ఎవరూ అనలేదు గానీ, రోజుకు నూరుసార్లు ఆయన తొడలు ఆయన బరువును లేపాయి. హన్మకొండకు వచ్చాక సోఫా, డైనింగ్ టేబుల్, కమోడ్, లిఫ్ట్. మంచినీళ్ళ గ్లాసుకు కూడా లేచే పని లేదు. నలభై, యాభై ఏళ్ళు దాటాక ఎవరికైనా కండ మెల్లమెల్లగా తగ్గుతూనే ఉంటుంది, అరవై దాటాక ఆ తగ్గడం ఇంకా జోరందుకుంటుంది. దానికి తోడు కదలకుండా కూచుంటే చాలా తొందరగా పోతుంది. 2007లో అమెరికాలో ఒక పరిశీలన చేశారు. సగటున 67 ఏళ్ళున్న, ఏ జబ్బూ లేని మనుషులను పది రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లోనే వాళ్ళ కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. మీ బాపు మంచాన పడలేదు నిజమే, కానీ రెండేళ్ళు కూచున్నారు.

ఇది మీ తప్పని చెప్పడానికి రాయడం లేదు. మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. మా అమ్మకు ఒక ఏడు వానాకాలంలో విషజ్వరం వచ్చింది. జ్వరం వారంలో తగ్గింది. మేం అక్కాచెల్లెళ్ళం మాత్రం నెల రోజులు ఆమెను మంచం దిగనివ్వలేదు. అన్నం అక్కడికే, టీ అక్కడికే. నేనే పక్కింటివాళ్ళకు వ్యాయామం నేర్పుతూ, మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి "నువ్వు లేవకు అమ్మా, నేనున్నా కదా" అన్నాను. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడోళ్ళందరూ వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే, మా అమ్మ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూచొని చప్పట్లు కొట్టింది. పాట మొత్తం ఆమెకే వచ్చు, పాడింది కూడా ఆమెనే. కానీ ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ వలయంలోకి రాలేదు. ఆ కుర్చీ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది.

ఇక పనిలోకి వద్దాం. ఈ రాత్రి అన్నానికి ముందు ఒక పని చేయండి. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయండి. బాపును దాంట్లో కూచోబెట్టి రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకోమనండి. మీరు పక్కనే నిలబడండి. ఫోన్లో 30 సెకన్లు పెట్టి, నిటారుగా లేచి మళ్ళీ కూచోవడం ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ళ మగవాళ్ళకు 12 కంటే తక్కువ వస్తే కాళ్ళలో బలం తగ్గినట్టు, పడిపోయే అవకాశం ఎక్కువ ఉన్నట్టు. అదే వయసు ఆడవాళ్ళకు ఆ లెక్క 10. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే సున్నా అని రాసుకోండి, కంగారు పడొద్దు. సున్నా నుంచి మొదలుపెట్టినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఛాతీలో పట్టేసినట్టున్నా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపేయండి. ఈ పరీక్షకే కాదు, కింద చెప్పే ప్రతి పనికీ ఇదే మాట. నొప్పి ఛాతీ నుంచి చేతికో దవడకో పాకితే ఇంట్లో కూచొని చూడొద్దు, దవాఖానకు పోవాలి.

వ్యాయామం మొదలుపెట్టే ముందు ఆ తూలడం సంగతి తేల్చుకోవాలి. దాన్ని వయసు మీదికి తోసేయకండి. పడుకుని లేచినప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోయి చాలామంది పెద్దవాళ్ళు తూలుతారు. బీపీ మిషన్ ఇంట్లో ఉంటే ఆయన ఐదు నిమిషాలు పడుకున్నాక ఒకసారి చూడండి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే ఆ కాగితం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గోళీల డోసు, వేసుకునే వేళ మార్చాల్సి రావచ్చు. మూత్రం సాఫీగా రావడానికి ప్రోస్టేట్ గోళీలు వాడుతుంటే అదీ చెప్పండి, వాటిలో కొన్ని బీపీని తగ్గిస్తాయి. మీ అంతట మీరు మాత్రం ఏ గోళీ ఆపొద్దు. షుగర్‌కు చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే బీ12 పరీక్ష కూడా చేయించండి. ఆ మందు వల్ల బీ12 తగ్గొచ్చు. అది తగ్గితే నీరసం, అరికాళ్ళలో తిమ్మిర్లు, నడకలో తేడా వస్తాయి. కళ్ళల్లో శుక్లాలు ఉన్నాయేమో కూడా చూపించండి. ఇవన్నీ ఒక వారంలో అయిపోయే పనులు.

ఆ వారం లోపలే బాత్రూమ్‌లో కమోడ్ పక్కన గోడకు, పట్టుకుని లేవడానికి గట్టి స్టీల్ కడ్డీ బిగించండి. తువ్వాల తగిలించే కడ్డీని పట్టుకుని లేస్తుంటారు చాలామంది, అది మనిషి బరువు ఆగదు. కింద జారని మ్యాట్ వేయండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైట్ వెలగాలి. లుంగీ అంచు కాళ్ళకు అడ్డం పడకుండా మడిచి కుట్టించండి, లుంగీ తట్టుకుని పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. రాత్రి లేచేటప్పుడు వెంటనే నిలబడకుండా మంచం అంచున కూచొని నిమిషం సేపు పాదాలు ఆడించి లేవమనండి.

ఇప్పుడు అసలు మందు. అది ఆ కుర్చీనే.

కుర్చీలో ఒక గట్టి దిండు వేసి ఎత్తు చేయండి. ఎత్తు మీది నుంచి లేవడం సులువు. అవసరమైతే మొదట్లో తొడల మీద చేతులు ఆనించవచ్చు. ఐదుసార్లు లేచి కూచోవాలి. కూచునేటప్పుడు ధబ్బున కూలబడకుండా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. కండకు బలం పట్టేది ఆ దిగేటప్పుడే ఎక్కువ. లెక్క పైకి వినపడేలా చదవమనండి, అట్లయితే ఊపిరి బిగబట్టరు. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టకూడదు. పొద్దున టీ తాగాక ఒకసారి, మధ్యాహ్నం అన్నానికి ముందు ఒకసారి, సాయంత్రం సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు ఒకసారి చాలు. ఐదు సులువైతే ఎనిమిది, ఎనిమిది సులువైతే పది. పది సులువైతే దిండు తీసేయండి. తర్వాత తొడల మీది చేతులు తీసి ఛాతీ మీద కట్టుకోవాలి. అదీ సులువైతే కందిపప్పు కిలో ప్యాకెట్ గుండెకు హత్తుకుని లేవాలి. ఎప్పుడూ ఆఖరి రెండుసార్లు కొంచెం కష్టంగా ఉండాలి. కష్టమే లేకపోతే కండ పెరగదు.

ఈ వయసులో కండ పెరుగుతుందా అని మీకు అనుమానం రావచ్చు. 1990లో బోస్టన్‌లో, సగటున 90 ఏళ్ళున్న వృద్ధాశ్రమం మనుషులతో ఎనిమిది వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసిన తొమ్మిదిమందికి కాళ్ళ బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. తొంభై ఏళ్ళవాళ్ళ కండరమే మాట విన్నప్పుడు, పరకాల పత్తి చేలల్లో గట్టిపడిన 71 ఏళ్ళ కండరం ఎందుకు వినదు?

తూలకుండా నిలబడడం వేరే విద్య, అది కూడా నేర్చుకోవాలి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి మునివేళ్ళ మీద నిలబడి, మెల్లగా దించాలి, పదిసార్లు. తర్వాత ఒక పాదం ముందు, దాని మడమకు రెండో పాదం బొటనవేలు ఆనించి, తాడు మీద నిలబడ్డట్టు నిలబడాలి. పది సెకన్లు అట్లా పట్టు లేకుండా నిలబడలేకపోతే పడిపోయే ప్రమాదం ఎక్కువ. మొదట్లో గట్టు మీద చెయ్యి, తర్వాత వేలు, తర్వాత ఏదీ లేకుండా. మీరో, మీ పిల్లలో పక్కన ఉండాలి.

ఇంకొకటి నేర్పండి. ఎవరూ చెప్పరు దీన్ని. కింద పడితే ఎట్లా లేవాలో నేర్పండి. చాలామంది పెద్దవాళ్ళు దెబ్బ తగలకపోయినా లేవడం తెలియక గంటల తరబడి నేల మీద పడి ఉంటారు, ఆ భయంతోనే తర్వాత నడక మానేస్తారు. చాప వేసి, మీ చేయి అందేంత దూరంలో ఉండి చేయించండి. ముందు పక్కకు ఒత్తిగిలాలి. మోచేయి ఆనించి, చేతులు, మోకాళ్ళ మీదికి రావాలి. పిల్లల్లా పాకుతూ మంచం దాకా పోయి, మంచం మీద రెండు చేతులూ ఆనించాలి. బలంగా ఉన్న కాలి పాదాన్ని ముందుకు వేసి, దాని మీద బరువు పెట్టి లేచి, తిరిగి మంచం మీద కూచోవాలి. మోకాళ్ళ కింద దిండు వేస్తే నొప్పి ఉండదు. మొదటిరోజు "నాకెందుకురా ఇది" అంటారు. వారంలో రెండుసార్లు చేయించండి. లేవగలనన్న నమ్మకం వచ్చినాక ఆయన నడకే మారిపోతుంది.

మోకాళ్ళు అరిగాయన్న మాట విని మీరు భయపడ్డారు. అది బండి టైరు అరిగినట్టు కాదు తమ్ముడూ, వాడకుంటే మిగులుతుందనుకోవడానికి. తొడ ముందు కండ బలంగా ఉంటే మోకాలి మీద పడే భారాన్ని అది మోస్తుంది. అందుకే మోకాళ్ళ అరుగుదలకు ప్రపంచమంతా మొదట చెప్పే వైద్యం వ్యాయామమే. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాడు పొద్దున నొప్పి ముందటి కంటే పెరిగి ఉంటే ఆ రోజు సగం చేయించండి. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, అడుగు వేయనివ్వకపోయినా ఆపి డాక్టర్‌కు చూపించండి. మెట్లు మొత్తానికి మాన్పించకండి. దిగేటప్పుడు మొదట్లో లిఫ్ట్‌లో, ఎక్కేటప్పుడు ఒక అంతస్తు మెట్ల మీద, రెయిలింగ్ పట్టుకుని. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఇది గుర్తుంటే చాలు.

నడక సంగతి మీకు తెలిసిందే. 65 దాటినవాళ్ళు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన. అంటే వారానికి ఐదు రోజులు అరగంట. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, అదీ వేగం. మీ బాపు పది నిమిషాలతో మొదలుపెడితే చాలు. భద్రకాళి బండ్ గానీ, పబ్లిక్ గార్డెన్ గానీ, ఏది దగ్గరైతే అది. ఎండాకాలం మన ఓరుగల్లు ఎండ సంగతి చెప్పక్కర్లేదు, పొద్దున ఏడు గంటల లోపల ఇంటికి రావాలి. షుగర్ గోళీ వేసుకుని ఏమీ తినకుండా నడకకు పంపొద్దు. నడక మాత్రమే చేసి ఆరోగ్యం చూసుకున్నామనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నడక గుండెకు, షుగర్‌కు మంచిది, కానీ కమోడ్ మీది నుంచి లేపేంత బలం దాంతో రాదు. అదే సంస్థ వారంలో రెండు రోజులైనా కండకు పని, మూడు రోజులైనా తూలకుండా నిలబడే అభ్యాసం ఉండాలని చెప్పింది. జిమ్ అక్కర్లేదు. ఆయనకు ఇష్టమైతే వద్దనను, నేర్పేవాళ్ళకు పెద్దవాళ్ళతో పనిచేసిన అనుభవం ఉండాలి.

ఇక తిండి. పౌడర్ కొనే ముందు ఒక పని చేయండి. బాపును వెలుతురులోకి తీసుకొచ్చి నోరు తెరవమనండి. దవడ పళ్ళు ఎన్ని ఉన్నాయో చూడండి. మాంసం మానేశాడని రాశారు, అవ్వ పోయిన బాధతో అనుకున్నారేమో. కావచ్చు కూడా. కానీ నా అనుభవంలో పదిమందిలో చాలామంది మానేసింది నమలలేక. చెప్పుకోవడానికి సిగ్గుపడి "నాకొద్దు బిడ్డా" అంటారు. మెత్తటి అన్నం, పచ్చిపులుసు, చల్ల పోసుకుని తినేసి కడుపు నిండిందంటారు. అందులో కండకు కావలసింది చాలా తక్కువ. పళ్ళ డాక్టర్‌కు చూపించి కట్టుడు పళ్ళు పెట్టిస్తే ఆయన కంచమే మారుతుంది.

60 కిలోల మనిషికి ఆ వయసులో రోజుకు 60 గ్రాములు, అంతకు కొంచెం పైన ప్రొటీన్ అందాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, ఒక గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, గుప్పెడు పల్లీల్లో 7, గిన్నెడు చిక్కటి పప్పులో కూడా 6, 7. మెత్తగా ఉడికించిన చికెన్ 100 గ్రాములు తింటే దాదాపు 25. ఇదంతా మధ్యాహ్నం ఒక్క పూటే కాకుండా మూడు పూటలకూ పంచండి. పొద్దున జొన్నరొట్టెతో గుడ్డుకూర, సాయంత్రం చాయ్‌తో బిస్కెట్ బదులు మెత్తగా ఉడికిన పెసర గుడాలు, రాత్రి నీళ్ళ చారు బదులు గట్టి పప్పు. ఇట్లా తినగలిగితే డబ్బా కొనక్కర్లేదు. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీ పరీక్ష ఎట్లా ఉందో డాక్టర్‌ను అడిగాకే ప్రొటీన్ పెంచండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు లెక్క వేరు. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తుంటే, పగలు బాగా తాగి పొద్దుగూకాక తగ్గించమనండి.

మీ భార్యకు నా మాటగా ఒకటి చెప్పండి. మామకు మంచినీళ్ళు చేతికి ఇవ్వడం ఆమె మంచితనం. ఈ రోజు నుంచి ఆ మంచితనం ఇంకో విధంగా చూపించమనండి. కుండ వంటింట్లో పెట్టి, "మామా, నాకూ ఒక గ్లాసు తెచ్చిపెట్టవా" అని అడగమనండి. రైతు బజార్‌కు ఆయనను పంపండి. మూడెకరాలు చేసిన మనిషికి వంకాయ ముదురో లేతో మీకంటే బాగా తెలుసు. సంచిలో రెండు కిలోలు మోసుకొస్తే అది కూడా వ్యాయామమే. ముందు మీరూ వెంట వెళ్ళండి, దారి అలవాటయ్యాక పక్కింటి పెద్దాయనతో పంపండి. డాబా మీద పది కుండీలు పెట్టండి, మిరప, బెండ, పుదీన. నీళ్ళు పైపుతో కాదు, చిన్న మగ్గుతో. నాట్ల కాలంలో పది రోజులు ఊరికి తీసుకెళ్ళండి. పొలం కౌలుకిచ్చినా ఒడ్డు మీద నిలబడి అజమాయిషీ చేస్తే ఆయనకు ఊపిరి వస్తుంది. రెండేళ్ళలో ఆయన భార్యను, భూమిని, దోస్తులను, పనిని నాలుగింటినీ వదులుకున్నారు. నిద్ర పట్టక, ఎవరితో మాట్లాడక, ఇంకెందుకు బతుకు అన్నట్టు ఉంటే అది ముసలితనం కాదు, డిప్రెషన్ కావచ్చు, దానికి మందు ఉంది. అడగండి. మగవాళ్ళు అవ్వ గురించి కొడుకుతో మాట్లాడరు గానీ, నడిచేటప్పుడు పక్కపక్కన ఉంటే మాట్లాడతారు.

ఈ రాత్రి కుర్చీ లెక్క ఎంత వచ్చిందో క్యాలెండర్ మీద తేదీ పక్కన రాయండి, సున్నా అయినా సరే. పన్నెండు వారాలు దాటాక అదే కుర్చీ, అదే గోడ, అదే 30 సెకన్లు మళ్ళీ పెట్టి రెండు అంకెలూ నాకు రాయండి. ఆ ఉత్తరం ఈసారి బాపునే రాయమనండి.